వంశచరిత్ర పరిశోధన – ప్రభుత్వ దస్త్రాలు (భీమవరం, గోదావరి డెల్టా)

ఒక కుటుంబపు పూర్వీకులు ఎవరు, ఏ ఊళ్లో కాపురమున్నారు, ఏ పని చేసి బతికారు, ఎవరి ఆస్తి ఎవరికి సంక్రమించింది అన్న విషయాలను ప్రభుత్వ కార్యాలయాలు, న్యాయస్థానాలు, దస్త్రాలయాలు భద్రపరచిన రాతకోతలతో నిర్ధారించుకోవడమే వంశచరిత్ర పరిశోధనలో ప్రభుత్వ దస్త్రాల వినియోగం. ఈ వ్యాసం భీమవరం ప్రాంతాన్ని, గోదావరి డెల్టాను ప్రధానంగా తీసుకుని ఆ దస్త్రాల చరిత్రను, రకాలను, అవి దొరికే చోట్లను, వాటిని చదివే పద్ధతిని, పరిమితులను వివరిస్తుంది.

నిర్వచనం, పరిధి

తెలుగు కుటుంబాలలో వంశ పరిజ్ఞానం ఎక్కువగా నోటిమాటగానే నిలిచింది. ఇంటిపేరు, గోత్రం, తద్దినాలలో తలచుకునే మూడు తరాల పేర్లు సామాన్యంగా ఇంట్లో తెలిసినవి. అంతకు పైతరాలకు వెళ్లాలంటే రాతపూర్వక ఆధారం కావాలి. దస్త్రం అనే మాట ఇక్కడ గ్రామ లెక్కలు, సర్వే రిజిస్టర్లు, రిజిస్ట్రేషన్ పుస్తకాలు, కోర్టు కాగితాలు, జనన మరణ రిజిస్టర్లు, వలస పత్రాలు మొదలైనవాటన్నిటికీ వర్తిస్తుంది.

ఈ దస్త్రాలను ఏ ప్రభుత్వమూ వంశాలను నమోదు చేయాలని రాయించలేదు. శిస్తు వసూలు, హక్కు నిర్ణయం, శాంతిభద్రతలు, కూలీల రవాణా వంటి పాలనా అవసరాల కోసం అవి పుట్టాయి. కాబట్టి వాటి అమరిక ఊరు, సర్వే నంబరు, సంవత్సరం ప్రకారం ఉంటుంది. చాలావాటికి ఇంటిపేర్ల సూచిక ఉండదు. ఊరు, భూమి, కాలం తెలిసినవారికి పేరు దొరుకుతుంది; పేరు ఒక్కటే తెలిసినవారికి దొరకడం కష్టం.

పాలనా చరిత్ర: ఏ కాలపు దస్త్రం ఏ జిల్లాది

భీమవరం పరిసర గ్రామాల పాలనా కేంద్రం గత రెండు శతాబ్దాలలో పలుమార్లు మారింది. ఒకే ఊరి కాగితాలు వేర్వేరు జిల్లాల పేర్ల కింద ఉండడానికి ఇదే కారణం.

ఈ ప్రాంతం భాగమైన ఉత్తర సర్కారులు 1753లో ఫ్రెంచివారి చేతికి వెళ్లాయి. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధం, 1759లో మచిలీపట్నం పతనం తర్వాత ఇంగ్లీషు కంపెనీ ప్రాబల్యం స్థిరపడింది. 1765 మొగలు ఫర్మానా, 1766లో నిజాముతో కుదిరిన ఒప్పందం కంపెనీ హక్కుకు ఆధారాలయ్యాయి. 1794 నుంచి కలెక్టర్ల పాలన వచ్చింది. 1802లో శాశ్వత శిస్తు విధానం, కరణాల విధులను నిర్ణయించే రెగ్యులేషన్ అమలులోకి వచ్చాయి.

1859లో రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను పునర్వ్యవస్థీకరించి గోదావరి, కృష్ణా జిల్లాలు చేశారు. భీమవరం తాలూకా గోదావరి జిల్లాలో ఉండేది. 1904లో భీమవరం, తణుకు, ఏలూరు, యర్నగూడెం తాలూకాలను, నగరం లంక మినహా నరసాపురం తాలూకాను కృష్ణా జిల్లాకు మార్చారు. 1925లో కృష్ణా జిల్లాను విభజించి ఏలూరు కేంద్రంగా పశ్చిమ గోదావరి జిల్లాను ఏర్పరచారు. పాత గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న భీమవరం కేంద్రంగా కొత్త పశ్చిమ గోదావరి జిల్లా అమలులోకి వచ్చింది.

రాష్ట్ర స్థాయిలో ఈ ప్రాంతం 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాష్ట్రంలో, 1956 నవంబరు 1 వరకు ఆంధ్ర రాష్ట్రంలో, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో భాగం. 2014 జూన్ 2న తెలంగాణ వేరైంది.

వెతికేవారికి దీని ఫలితం ఇలా ఉంటుంది. భీమవరం దగ్గరి ఊరికి సంబంధించిన 1880 నాటి జిల్లా దస్త్రం గోదావరి జిల్లా కింద, 1910 నాటిది కృష్ణా జిల్లా కింద, 1930 నాటిది పశ్చిమ గోదావరి కింద ఉంటాయి. 1859కి ముందు కాలానికి రాజమండ్రి, మచిలీపట్నం జిల్లాల సంపుటాలు రెండూ చూడాలి.

దస్త్రాల వ్యవస్థ పరిణామం

కంపెనీ పాలనకు ముందు, తొలినాళ్లలో గ్రామ లెక్కలు కరణాల అధీనంలో తాటాకు కవిలెలలో ఉండేవి. కాగితం వాడుక పెరిగాక కూడా లెక్క కరణం ఇంట్లోనే ఉండేది. 1786లో మద్రాసులో ఏర్పడిన రెవెన్యూ బోర్డుకు జిల్లాల నుంచి ఉత్తర ప్రత్యుత్తరాలు ఇంగ్లీషులో చేరేవి. అందువల్ల గ్రామ స్థాయి ఆధారం తెలుగులో, పై స్థాయి ఆధారం ఇంగ్లీషులో మిగిలాయి.

1847–1852 మధ్య సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో సాగు విస్తరించింది, భూమి విలువ పెరిగింది. మద్రాసు ప్రభుత్వం 1858లో సర్వే సెటిల్‌మెంట్ శాఖను, ఇనాం కమిషన్‌ను నెలకొల్పింది. ప్రతి పొలానికీ నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు స్థిరంగా నమోదు కావడం అప్పటి నుంచే మొదలైంది. 1864 చట్టంతో ఆధునిక రిజిస్ట్రేషన్ విధానం, 1899 మద్రాసు చట్టంతో గ్రామాల్లో జనన మరణాల నమోదుకు చట్టబద్ధత వచ్చాయి. గ్రామాల్లో ఈ నమోదు గ్రామ మునసబు బాధ్యతగా ఉండేది.

1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణం, మునసబు వంటి గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. వారి వద్ద ఉన్న లెక్కలు తహసీలు కార్యాలయాలకు చేరవలసి వచ్చింది. కొన్ని కుటుంబాల దగ్గర నకళ్లు, చిత్తు పుస్తకాలు ఉండిపోయాయి.

దస్త్రాల రకాలు

భూమి శిస్తు లెక్కలు

డెల్టాలో వంశచరిత్రకు అన్నిటికన్నా విరివిగా దొరికే ఆధారం భూమి లెక్క. ఇందులో ప్రధానమైనవి ఇవి:

అడంగల్: ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో ఏటా రాసే లెక్క. పట్టాదారుతో పాటు అనుభవదారు పేరు కూడా కనిపించడం దీని విలువ.

ఆర్‌ఎస్‌ఆర్: రీసర్వే తర్వాత తయారైన సెటిల్‌మెంట్ రిజిస్టరు. సర్వే నంబరు, భూమి తరం, శిస్తు, పట్టా నంబరు, పట్టాదారు పేరు వరుసగా ఉంటాయి. ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లో ఉన్న ప్రతిని డైగ్లాట్ అంటారు.

1–బి: 1971 భూమి హక్కుల రికార్డుల చట్టం కింద నడిచే హక్కుల రిజిస్టరు. ఖాతా వారీగా ఉంటుంది.

ఎఫ్ఎంబి: పొలాల కొలతల పటాల పుస్తకం. గ్రామ పటంతో కలిపి చూస్తే పూర్వీకుల పొలం నేల మీద ఎక్కడుందో తేలుతుంది.

భీమవరం, ఉండి, ఆకివీడు, కాళ్ల ప్రాంతాలలో వరి పొలాలు చేపల, రొయ్యల చెరువులుగా మారి గట్లు చెరిగిపోయిన చోట పాత హద్దులకు ఈ పటాలే ఆధారం. 2020 డిసెంబరులో ఆరంభమైన భూముల రీసర్వే పూర్తయిన గ్రామాలలో సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. అక్కడ కొత్త నంబరుకు పాత నంబరు ఏదో ముందుగా సరిచూసుకోవాలి.

ఇనాం దస్త్రాలు

అగ్రహారాలు, శ్రోత్రియాలు, దేవస్థానం మాన్యాలు, గ్రామసేవకుల సర్వీసు ఇనాములు మొదలైనవాటి హక్కులను ఇనాం కమిషన్ 1858 నుంచి విచారించి ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో నమోదు చేసింది. ఇనాము ఎవరు ఎప్పుడు ఇచ్చారు, మొదట పొందినది ఎవరు, విచారణ నాటికి అనుభవిస్తున్నది ఎవరు, వారి వయసు, కాపురపు ఊరు, మొదటి గ్రహీతతో బంధుత్వం ఏమిటి అన్న వివరాలకు ఇందులో ప్రత్యేకమైన గడులు ఉన్నాయి. ఒకే వరుసలో రెండు మూడు తరాలు దొరికే అవకాశం ఉన్న అరుదైన ప్రభుత్వ దస్త్రం ఇది. పురోహితులు, అర్చకులు, కరణాలతో పాటు మంగలి, చాకలి, వెట్టి, కుమ్మరి వంటి సేవలకు మాన్యం పొందిన కుటుంబాలకూ ఇది ఉపయోగపడుతుంది. 1956 ఇనాముల రద్దు చట్టం కింద జరిగిన విచారణల ఫైళ్లు దీని తర్వాతి తరాలను చూపుతాయి.

జమీందారీ, భూసంస్కరణల దస్త్రాలు

జమీందారీ గ్రామాలలో రైతుల లెక్కలను ఎస్టేటు కచేరీలు ఉంచేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత ఆ గ్రామాలను సర్వే చేసి రైత్వారీ పట్టాలిచ్చారు. అప్పటి తుది రిజిస్టరును సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అంటారు.

1973 భూ పరిమితి చట్టం 1975 జనవరి 1 నుంచి అమలైంది. నిర్ణీత పరిమాణానికి మించి భూమి ఉన్నవారు కుటుంబాన్ని యూనిట్‌గా చూపుతూ ప్రకటనలు దాఖలు చేశారు. భార్య, మైనరు పిల్లల వివరాలు, ఆస్తి సంక్రమించిన తీరు వాటిలో కనిపిస్తాయి. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డి–పట్టాల రిజిస్టర్లు, లంక భూముల కౌలు ఫైళ్లు వ్యవసాయ కూలీ కుటుంబాల చరిత్రకు ముఖ్యమైనవి.

రిజిస్ట్రేషన్ దస్త్రాలు

సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదైన దస్తావేజుకు పూర్తి నకలు పుస్తకంలో ఉంటుంది. రాసి ఇచ్చినవారు, రాయించుకున్నవారు, వారి తండ్రుల పేర్లు, కాపురపు ఊరు, వృత్తి, ఆస్తి తమకు ఎలా వచ్చింది, నాలుగు వైపుల హద్దుదారులు, సాక్షులు, లేఖరి ఇందులో కనిపిస్తారు. హద్దుదారులలో తరచూ అన్నదమ్ముల, దాయాదుల పేర్లుంటాయి.

వంశచరిత్రకు మిక్కిలి ఉపయోగపడేవి భాగపరిష్కార పత్రాలు, వీలునామాలు, దత్తత పత్రాలు, హక్కు విడుదల పత్రాలు, దాన దస్తావేజులు. గోదావరి జిల్లాలలో కూతురికి పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమికి రాసిన దస్తావేజులు ఆడపిల్ల పుట్టింటినీ, మెట్టినింటినీ ఒకే కాగితంలో కలుపుతాయి. ఇతర భూమి లెక్కలలో కనిపించని స్త్రీల వంశక్రమానికి ఇదే బలమైన ఆధారం.

1908 చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకంలో, వీలునామాలు, దత్తత అధికార పత్రాలు 3వ పుస్తకంలో, ఇతర పత్రాలు 4వ పుస్తకంలో నకలవుతాయి. వంద రూపాయల లోపు విలువ గల అమ్మకాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కానందున పాత చిన్న లావాదేవీలు అనేకం ఈ పుస్తకాలకు ఎక్కలేదు. (చూ. అందుబాటు, చట్టాలు)

జనన మరణ నమోదులు

పాత జనన రిజిస్టరులో సాధారణంగా తేదీ, శిశువు ఆడా మగా అన్నది, తల్లిదండ్రుల పేర్లు, కులం లేదా మతం, వృత్తి ఉంటాయి. నామకరణానికి ముందే నమోదు జరిగేది కాబట్టి బిడ్డ పేరు చాలాచోట్ల ఉండదు. తండ్రి పేరు, తేదీలతో గుర్తించాలి.

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం తెలుగువారి ఆనవాయితీ. అందువల్ల బిడ్డ నమోదు తండ్రి ఊళ్లో కాక తల్లి పుట్టిన ఊళ్లో ఉండవచ్చు. అల్లూరి సీతారామరాజు కుటుంబం భీమవరం సమీపంలోని మోగల్లుది. ఆయన 1897 జూలై 4న జన్మించినది తల్లి పుట్టిల్లయిన విశాఖ జిల్లా పాండ్రంగిలో. ఇటువంటి సందర్భంలో సొంత ఊరి రిజిస్టరును మాత్రమే చూస్తే జననం కనిపించదు.

ప్రస్తుతం అమలులో ఉన్నది 1969 జనన మరణాల నమోదు చట్టం. దీనికి 2023లో సవరణ జరిగింది.

న్యాయస్థాన దస్త్రాలు

భాగాల దావాలు, దత్తత వివాదాలు, సంతానం లేని వితంతువు మరణానంతరం దాయాదులు వేసిన వారసత్వ దావాలలో వాదపత్రానికి వంశవృక్షం జతచేయడం ఆనవాయితీ. సాక్షుల వాంగ్మూలాలలో పెళ్లిళ్లు, మరణాలు, వేరు కాపురాల ప్రస్తావనలు దొరుకుతాయి. పెద్ద వివాదాలు మద్రాసు హైకోర్టుకు, అక్కడి నుంచి లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లేవి. మద్రాసు హైకోర్టు 1862లో ఏర్పడింది. ఆంధ్ర హైకోర్టు 1954లో గుంటూరులో ప్రారంభమై 1956లో హైదరాబాదుకు మారింది. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతిలో ఉంది.

న్యాయస్థాన వంశవృక్షం ఒక పక్షం వాదన మాత్రమే. ఎదుటి పక్షం జవాబును, తీర్పును చదవకుండా దానిని నిర్ధారణగా తీసుకోరాదు.

ఓటర్ల జాబితాలు, జనగణన, బడి రిజిస్టర్లు

1951–52 సార్వత్రిక ఎన్నికలతో వయోజనులందరికీ ఓటు వచ్చింది. ఓటరు జాబితాలో ఇంటి నంబరు, పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు ఉంటాయి. భూమి ఉన్నవారినీ లేనివారినీ ఒకే వరుసలో చూపిన తొలి ప్రభుత్వ జాబితాలు ఇవి. అంతకు ముందరి జాబితాలు పన్ను, ఆస్తి, చదువు అర్హతలకు పరిమితం.

జనగణనలో ఇంటింటి వివరాలు పరిశోధకులకు దొరకవు. 1948 జనగణన చట్టం వాటిని గోప్యంగా ఉంచుతుంది. గ్రామ స్థాయి సంఖ్యలు మాత్రం ప్రచురితమవుతాయి. బోర్డు స్కూళ్లు, పురపాలక పాఠశాలల ప్రవేశ రిజిస్టర్లలో పుట్టిన తేదీ, తండ్రి లేదా సంరక్షకుడి పేరు, వృత్తి ఉంటాయి. ఆ తేదీ తరచూ అంచనా మాత్రమే.

పోలీసు, జైలు దస్త్రాలు

1930 ఉప్పు సత్యాగ్రహ కాలంలో భీమవరం తాలూకా చురుకుగా ఉండి, గుజరాత్‌లో పన్ను నిరాకరణ సత్యాగ్రహం జరిగిన బార్డోలీ పేరుమీద రెండవ బార్డోలీగా పేరు పొందింది. అరెస్టులు, శిక్షల వివరాలు మద్రాసు ప్రభుత్వ ఉత్తర్వులలో, పోలీసు నివేదికలలో, రాజమండ్రి సెంట్రల్ జైలు వంటి జైళ్ల రిజిస్టర్లలో నమోదయ్యాయి. స్వాతంత్ర్యానంతరం సమరయోధుల పింఛను కోసం జైలు ధ్రువపత్రాలు దాఖలు చేసిన ఫైళ్లు జిల్లా కార్యాలయాలలో ఏర్పడ్డాయి. అల్లూరి సీతారామరాజు నడిపిన 1922–24 మన్యం తిరుగుబాటుకు సంబంధించిన ప్రభుత్వ పత్రాలు కూడా విస్తారంగా ఉన్నాయి.

వలస దస్త్రాలు

డెల్టా నుంచి కోరంగి, కాకినాడ రేవుల మీదుగా బర్మాకు, మద్రాసు మీదుగా ఇతర వలస రాజ్యాలకు తెలుగువారు వెళ్లారు. బర్మాలో, మారిషస్‌లో తెలుగువారికి కోరంగీలు అనే పేరు కోరంగి రేవు నుంచి వచ్చినదే.

ఒప్పందపు కూలీలుగా వెళ్లినవారికి మనిషికొక నమోదు ఉంది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఓడ వివరాలు అందులో ఉంటాయి. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు వలస 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరడంతో మొదలై 1911లో ముగిసింది. ఫిజీకి వలస 1879లో మొదలు కాగా మద్రాసు నుంచి ఓడలు 1903 నుంచి నడిచాయి. మారిషస్‌లోని మోకాలో ఉన్న మహాత్మా గాంధీ సంస్థ భారతీయ వలస దస్త్రాలను భద్రపరుస్తున్నది. స్వదేశంలో ఒక్క కాగితంలోనూ కనిపించని కూలీ కుటుంబాల ఊరి పేరు ఈ పత్రాలలో దొరకడం కద్దు. బర్మాకు మేస్త్రీల ద్వారా వెళ్లినవారికి ఇటువంటి వ్యక్తిగత నమోదు లేదు.

యానాం, విదేశీ దస్త్రాలు

యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్నందున అక్కడ ఫ్రెంచి పద్ధతిలో జనన, వివాహ, మరణ నమోదులు జరిగాయి. వీటిలో పాతవి ఫ్రాన్స్‌లోని ఎక్స్–ఆన్–ప్రోవాన్స్‌లో ఉన్న విదేశీ భూభాగాల జాతీయ దస్త్రాలయంలో ఉన్నాయి. కొన్నిటిని అంతర్జాలంలో చూడవచ్చు. చుట్టుపక్కల గోదావరి జిల్లా ఊళ్లతో వియ్యాలున్న యానాం కుటుంబాలకు ఇవి ఉపయోగపడతాయి. పాలకొల్లులో డచ్చి కంపెనీ వర్తక స్థానం ఉండేది. ఆ కంపెనీ పత్రాలు నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఉన్నాయి.

దస్త్రాలయాలు

గ్రామ, మండల స్థాయి: తహసీలు కార్యాలయాలలో అడంగల్, 1–బి, ఆర్‌ఎస్‌ఆర్; సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలలో రిజిస్ట్రేషన్ పుస్తకాలు; పురపాలక, పంచాయతీ కార్యాలయాలలో జనన మరణ రిజిస్టర్లు.

జిల్లా స్థాయి: కలెక్టరేటు రికార్డు గది. భీమవరం ప్రాంతానికి 1925 నుంచి 2022 వరకు జిల్లా కేంద్రం ఏలూరు కనుక పాత ఫైళ్లకు అక్కడ కూడా విచారించాలి.

రాష్ట్ర స్థాయి: చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు దస్త్రాలయం, పూర్వపు మద్రాసు రికార్డు ఆఫీసు, రెవెన్యూ బోర్డు కార్యకలాపాలకు, మద్రాసు ప్రభుత్వ ఉత్తర్వులకు మూలస్థానం. ఆంధ్ర జిల్లాలకు చెందిన దస్త్రాలలో కొంత భాగం రాష్ట్రావతరణ తర్వాత హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర దస్త్రాలయానికి చేరింది. 2014 విభజన తర్వాత తార్నాక సంస్థ తెలంగాణ కింద, ఆంధ్రప్రదేశ్ దస్త్రాలయ శాఖ వేరుగా పనిచేస్తున్నాయి. కావలసిన సంపుటం ఎవరి అధీనంలో ఉందో ముందుగా ఉత్తరం రాసి తెలుసుకోవడం అవసరం.

జాతీయ, విదేశీ స్థాయి: 1891 మార్చి 11న కలకత్తాలో స్థాపితమై తర్వాత ఢిల్లీకి మారిన జాతీయ దస్త్రాలయం తన సూచికలను, కొన్ని దస్త్రాలను అభిలేఖ్ పటల్ అనే వేదికలో ఉంచింది. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీసు దస్త్రాలను భద్రపరుస్తున్నది.

పరిశోధన క్రమం

1. ఇంట్లో ఉన్న పట్టాలు, శిస్తు రసీదులు, దస్తావేజులు, పెళ్లి శుభలేఖలు, పాత రేషన్ కార్డులు పోగుచేసి, పెద్దలు చెప్పిన వివరాలను చెప్పినవారి పేరుతో సహా రాసుకోవాలి.

2. పూర్వీకుల ఊరు, శివారు గ్రామం, ఆ కాలపు తాలూకా, జిల్లా గుర్తించాలి. (చూ. పాలనా చరిత్ర)

3. కుటుంబానికి చెందిన ఒక పొలం సర్వే నంబరు తెలుసుకుని 1–బి నుంచి పాత అడంగల్, అక్కడి నుంచి ఆర్‌ఎస్‌ఆర్ లేదా సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ వరకు వెనక్కి వెళ్లాలి. ఇనాము భూమి అయితే ఇనాం రిజిస్టరు వరకు వెళ్లవచ్చు.

4. ఆ సర్వే నంబరుకు ఈసీ (ఆస్తిపై నమోదైన లావాదేవీల ధ్రువపత్రం) తీసి, అందులో కనిపించిన దస్తావేజుల నకళ్లు పొందాలి. దస్తావేజు సాధారణంగా తనకు ముందరి దస్తావేజును ప్రస్తావిస్తుంది. ఆ వరుసలో వెనక్కి నడవాలి.

5. దొరికిన పేర్లను జనన మరణ రిజిస్టర్లు, ఓటర్ల జాబితాలు, బడి రిజిస్టర్లతో పోల్చాలి.

6. వివాదాలు, దత్తతలు, వలసలు కనిపిస్తే న్యాయస్థాన, వలస దస్త్రాలకు వెళ్లాలి.

ప్రతి వివరానికీ కార్యాలయం, రిజిస్టరు పేరు, సంవత్సరం, పుట, దస్తావేజు నంబరు రాసుకోవాలి. ఒక బంధుత్వాన్ని కనీసం రెండు స్వతంత్ర ఆధారాలు సమర్థించినప్పుడే ఖాయమని భావించడం మంచి పద్ధతి.

దస్త్రాలను చదవడం

కాలగణన: రెవెన్యూ లెక్కలు ఫసలీ సంవత్సరంలో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే అది ఆరంభమైన క్రీస్తు శకం వస్తుంది. ఫసలీ 1335 అంటే 1925 జూలై 1 నుంచి 1926 జూన్ 30 వరకు. దస్తావేజులలో తెలుగు సంవత్సరం పేరు, మాసం, తిథి ఉంటాయి. అరవై ఏళ్లకు ఒకసారి పేరు తిరిగి వస్తుంది కనుక నందన నామ సంవత్సరం 1832, 1892, 1952లలో ఏదైనా కావచ్చు. వారం, ఇంగ్లీషు తేదీ, స్టాంపు కాగితం సాయంతో తేల్చాలి.

లిపి: పాత తెలుగు దస్తావేజులు చాలావరకు గొలుసుకట్టు రాతలో ఉంటాయి. పదాల మధ్య ఖాళీ ఉండదు. అనుభవం ఉన్న దస్తావేజు లేఖరులు, కరణం కుటుంబాల పెద్దలు వీటిని చదవగలరు.

పేర్లు: తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఒకే పేరు తరం విడిచి తరంలో వస్తుంది. తండ్రి పేరు చూడకుండా వ్యక్తిని గుర్తించరాదు. దత్తు వెళ్లినవారికి ఇంటిపేరు, గోత్రం రెండూ మారవచ్చు. ఇల్లరికపు అల్లుడు తన ఇంటిపేరుతోనే అత్తవారి ఊరి లెక్కలకు ఎక్కుతాడు. వివాహానంతరం స్త్రీ భర్త ఇంటిపేరుతో నమోదవుతుంది. ఇంగ్లీషు దస్త్రాలలో ఒకే ఇంటిపేరుకు అనేక వర్ణక్రమాలుంటాయి. ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా కుదించుకుపోయిన సందర్భాలూ ఎక్కువ.

అందుబాటు, చట్టాలు

రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం 1, 2 పుస్తకాలను, 1వ పుస్తకపు సూచికలను రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు. 3వ పుస్తకంలోని వీలునామా నకలు రాసిన వ్యక్తి జీవించి ఉండగా ఆయనకు లేదా ఆయన ప్రతినిధికి, మరణానంతరం ఎవరికైనా లభిస్తుంది. 4వ పుస్తకం నకళ్లు సంబంధిత పక్షాలకే ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో అంతర్జాలంలో లభించే ఈసీ 1983 నుంచి మొదలవుతుంది. అంతకు ముందు కాలానికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో చేతితో వెతికించాలి. అడంగల్, 1–బి వివరాలు మీభూమి వేదికలో ఉన్నాయి.

2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుకు 30 రోజులలో జవాబివ్వాలి. ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, పై స్థాయిలో 10 రూపాయలు. జీవించి ఉన్న ఇతరుల వ్యక్తిగత వివరాలకు ఈ చట్టంలో రక్షణ ఉంది. కేంద్ర ప్రభుత్వ దస్త్రాలకు 1993 పబ్లిక్ రికార్డుల చట్టం వర్తిస్తుంది.

30 ఏళ్లు దాటిన పత్రం సరైన అధీనం నుంచి వచ్చినప్పుడు అందులోని సంతకం, రాత నిజమైనవని న్యాయస్థానం భావించవచ్చన్న సూత్రం 1872 సాక్ష్య చట్టంలో ఉండేది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ అది కొనసాగింది.

పరిమితులు

భూమి ఉన్నవారి, పురుషుల పేర్లు దస్త్రాలలో విస్తారంగా ఉంటాయి. కౌలుదారులు, పాలేర్లు, కూలీలు, స్త్రీలు తక్కువగా కనిపిస్తారు. 1956 హిందూ వారసత్వ చట్టం, కుమార్తెలకు సమాన వాటా కల్పించిన 1986 రాష్ట్ర సవరణ తర్వాతనే స్త్రీల పేర్లు పట్టాలలో పెరిగాయి. దళిత, మత్స్యకార, చేతిపని కుటుంబాల చరిత్రను భూమి లెక్కలతో మాత్రమే రాస్తే అది అసంపూర్ణంగా మిగులుతుంది.

కార్యాలయ ఫైళ్లన్నీ శాశ్వతంగా ఉండవు. జిల్లా కార్యాలయాల పద్ధతిలో ఆర్ డిస్ ఫైళ్లు శాశ్వతంగా, డి డిస్ ఫైళ్లు పదేళ్ల వరకు ఉంచుతారు. తుపానులు, వరదలు, తేమ, చెదలు డెల్టా రికార్డు గదులకు నిత్య శత్రువులు. పట్టాదారు మరణించినా లెక్కలో పేరు దశాబ్దాల పాటు మారకపోవడం, బినామీ పేర్లు, అంచనా వయసులు కూడా పొరపాట్లకు దారితీస్తాయి.

అనుబంధ ఆధారాలు

ప్రభుత్వేతర ఆధారాలతో సరిచూసినప్పుడు దస్త్రాల విలువ పెరుగుతుంది. 1836 నుంచి నరసాపురం ప్రాంతంలో పనిచేసిన గోదావరి డెల్టా మిషన్, 1840లలో రాజమండ్రిలో ఆరంభమైన లూథరన్ మిషన్ వంటి క్రైస్తవ సంఘాల బాప్తిస్మ, వివాహ పుస్తకాలు, కాశి, గయ క్షేత్రాల పండాల చిట్టాలు, ఆలయ శాసనాలు, మెకంజీ సేకరించిన కైఫియత్తులు అనే గ్రామ చరిత్రలు ఇటువంటివి. హెన్రీ మోరిస్ గోదావరి జిల్లా మాన్యువల్ (1878), హెమింగ్వే గోదావరి గెజిటీరు (1907) గ్రామాల, జమీందారీల నేపథ్యాన్ని ఇస్తాయి. మచిలీపట్నం నుంచి 1902లో వెలువడడం మొదలైన కృష్ణా పత్రిక ఈ ప్రాంతం కృష్ణా జిల్లాలో ఉన్న కాలపు వార్తలకు ఆధారం.

ప్రాముఖ్యం

వంశచరిత్ర పరిశోధన వారసత్వ హక్కుల నిర్ధారణకు, విదేశాలలో స్థిరపడిన తెలుగు సంతతివారు తమ ఊరిని గుర్తించడానికి, కుటుంబాలలో వచ్చే జబ్బుల చరిత్ర తెలుసుకోవడానికి తోడ్పడుతుంది. ఒక ఊరిలోని అనేక కుటుంబాల వివరాలను కలిపి చదివితే ఆనకట్ట తర్వాతి వలసలు, భూమి చేతులు మారిన తీరు, కులవృత్తుల మార్పు వంటి సామాజిక చరిత్ర బయటపడుతుంది.

గ్రామ స్థాయి దస్త్రాలలో అధిక భాగానికి ఒకే ప్రతి ఉంది. శిథిలమైన రిజిస్టరు స్థానంలో మరొకటి దొరకదు. కుటుంబాల వద్ద మిగిలిన కరణం లెక్కలను, పాత దస్తావేజులను పారవేయకుండా ఫోటో తీసి, వీలైతే రాష్ట్ర దస్త్రాలయానికి అప్పగించడం, పెద్దలు జీవించి ఉండగానే వారికి తెలిసిన పేర్లను, ఊళ్లను రాసి ఉంచుకోవడం ఈ పరిశోధనకు ప్రతి ఇంటివారూ చేయగల సాయం.